గోట్‌హార్డ్ సొరంగం: 33 సెంటీమీటర్ల తేడా, లెక్క తేలని ప్రాణాలు

స్విట్జర్లాండ్ అనగానే మనకు సినిమా పాటలు గుర్తొస్తాయి. మంచుకొండ, పచ్చిక, మెడలో గంటలు కట్టిన ఆవులు, వెనకాల వంతెన మీద ఎర్రటి రైలు. హీరో హీరోయిన్లు ఒక్క చుట్టు తిరిగేసరికి ఆ రైలు కొండలోకి దూరిపోతుంది. దూరాక ఏమవుతుందో ఏ పాటలోనూ చూపించరు. ఈసారి విశేషాలన్నీ కొండ లోపలివే.

ముందు చిరునామా చెప్పుకుందాం. ఆల్ప్స్ పర్వతాల నడుమ గోట్‌హార్డ్ అనే కొండల గుంపు ఉంది. దానికి ఉత్తరాన జర్మన్ మాట్లాడే స్విస్ జనం, దక్షిణాన ఇటాలియన్ మాట్లాడే టిచీనో జనం. ఒకే దేశమే అయినా చలికాలం వస్తే మంచు అడ్డుపడి ఒకరికొకరు అందని చుట్టాలైపోయేవారు. ఆ కొండను తొలిచి రైలు నడపాలని 1872లో పని మొదలుపెట్టారు. 1882లో రైలు నడిచింది. ఉత్తరం నోరు గ్యోషెనెన్ అనే పల్లెలో, దక్షిణం నోరు ఐరోలోలో. మధ్యలో 15,003 మీటర్ల చీకటి. 1906లో సింప్లాన్ సొరంగం తెరిచేదాకా ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన రైలు సొరంగం లేదు.

అరకు రైలెక్కినవాళ్లకు తెలుసు: సొరంగం వచ్చిందంటే బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా కేక పెడతారు, చీకటి పోయేదాకా ఆపరు. గోట్‌హార్డ్‌లో ఆ ఆట సాగదు. 15 కిలోమీటర్లు కేక పెట్టే ఊపిరి ఎవరికీ ఉండదు.

ఒకరికొకరు కనబడకుండా

రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి కొండ నడుమ కలవాలి. మధ్యలో ఉన్నది మంచు కప్పిన శిఖరాలు. గ్యోషెనెన్‌లో నిలబడితే ఐరోలో కనబడదు, ఐరోలోలో నిలబడితే గ్యోషెనెన్ కనబడదు. మరి సూటిగా వస్తున్నామని ఎలా తెలుస్తుంది?

కొండల మీదుగా త్రిభుజాలు కట్టారు. ఒక శిఖరం మీద థియోడలైట్ పెట్టి ఇంకో రెండు శిఖరాల మీది గుర్తులను చూడటం, కోణం రాసుకోవడం, మళ్లీ ఆ శిఖరం ఎక్కి అక్కడి నుంచి చూడటం. మబ్బు పడితే పని లేదు. 1869లో ఓటో గెల్ప్కే అనే ఇంజనీరు ఈ లెక్క కట్టాడు. ఒక్కడి లెక్క నమ్మి కొండ తవ్వడం ఎందుకని 1874లో కార్ల్ కొప్పే చేత మొదటి నుంచి మళ్లీ కట్టించారు. ఇద్దరి లెక్కా దాదాపు ఒకటే అయింది. సొరంగం నోళ్లకు ఎదురుగా చిన్న గదులు కట్టి, అందులో పరికరం బిగించి, లోపల తవ్వేవాళ్లకు దారి చూపించేవారు. ఐరోలో వైపు రైలు దారి మొదట్లోనే కాస్త వంపు తిరుగుతుంది, ఆ వంపులోంచి సూటిగా చూడటం కుదరదు. అందుకని చూపు పోవడం కోసమే అక్కడ విడిగా ఒక తిన్నని గుహ తవ్వారు. రైలు దానిలోంచి వెళ్లదు. అది కేవలం చూడటానికే.

1880 ఫిబ్రవరి ఆఖర్లో రెండు వైపుల వాళ్లూ కలిశారు. పక్కకు తేడా 33 సెంటీమీటర్లు, ఎత్తులో తేడా 5 సెంటీమీటర్లు. లెక్కేసినదానికన్నా సొరంగం పొడవు ఏడున్నర మీటర్ల పైచిలుకు తక్కువ వచ్చింది, అంతే. జేబు కాలిక్యులేటర్ కూడా లేని రోజుల్లో, కాగితం మీద కూడికలు తీసివేతలతో చేసిన పని ఇది.

నీళ్లలో వెలుగును బంధించిన పెద్దమనిషి

డ్రిల్లులు నడపడానికి సొరంగంలో బొగ్గు మండిస్తే మనుషులు పొగకే పోతారు. కరెంటు మోటార్లు ఇంకా ఆ పనికి రాలేదు. అందుకని బయట కొండవాగుల నీళ్లతో టర్బైన్లు తిప్పి, వాటితో గాలిని గట్టిగా కుక్కి, గొట్టాల్లో లోపలికి పంపేవారు. ఆ గాలే డ్రిల్లును కొడుతుంది. డ్రిల్లులోంచి బయటపడ్డ గాలినే పనివాడు పీల్చుకుంటాడు. ఒకే గాలికి రెండు కొలువులు.

ఈ గాలి యంత్రాల వెనక ఉన్న బుర్ర జెనీవా భౌతిక శాస్త్రవేత్త డానియెల్ కొలాడాన్‌ది. ఈయన మొదటి నుంచీ వింత మనిషే. 1826లో జెనీవా సరస్సులో రాత్రిపూట పడవ వేసుకుని వెళ్లి, నీళ్లలో ముంచిన గంట కొట్టించి, అదే క్షణంలో తుపాకి మందు వెలిగించి, మైళ్ల అవతల ఇంకో పడవలో ఆ మెరుపుకూ మోతకూ మధ్య కాలం కొలిచి, నీళ్లలో శబ్దం ఎంత వేగంగా పోతుందో లెక్క తేల్చాడు. సెకనుకు 1,435 మీటర్లని ఆయన చెప్పిన అంకె ఇప్పటి లెక్కకు చాలా దగ్గర. తర్వాత 1841లో, గొట్టంలోంచి వంపు తిరిగి పడే నీటి ధారలో వెలుగు కూడా ఆ ధార వెంటే వంగి పోతుందని సభలో చూపించాడు. ఇవాళ మన ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగ చరిత్ర రాసేవాళ్లు ఆ నీటి ధార దగ్గరే మొదలుపెడతారు. ఆ మనిషి ముసలితనంలో కొండకు గాలి ఊదే పని చేశాడు.

డైనమైట్‌కు తొలి పెద్ద పరీక్ష

ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంటు తీసుకున్నది 1867లో. ఇంత పెద్ద సొరంగానికి దాన్ని వాడటం గోట్‌హార్డ్‌తోనే మొదలు. దూరం నుంచి మోసుకురావడం ప్రమాదమని 1873లో అక్కడికి దగ్గర్లోనే, సరస్సు ఒడ్డున ఇస్లెటెన్ అనే చోట నోబెల్ ఫ్యాక్టరీ పెట్టారు.

పని ఇలా సాగేది. ఒక బండికి వరసగా బిగించిన డ్రిల్లులను పట్టాల మీద రాతి ముఖం దాకా తోస్తారు. అవి బెజ్జాలు వేస్తాయి. బండి వెనక్కి లాగేస్తారు. బెజ్జాల్లో మందు కూరి, వత్తి ముట్టించి, తలుపు చాటుకో మలుపు చాటుకో పరిగెడతారు. పేలాక పొగ కాస్త తగ్గిందో లేదో మళ్లీ లోపలికి, రాళ్లెత్తి బండ్లకు నింపడానికి. ఆ బండ్లను గుర్రాలు లాగేవి, తర్వాత గాలితో నడిచే చిన్న ఇంజన్లు కూడా వచ్చాయి. గుర్రాలు ఆ వేడికీ పొగకూ తట్టుకోలేక చచ్చిపోయేవి. రెండు వైపులా కలిపి సగటు చూస్తే రోజుకు ఐదున్నర మీటర్లు.

రోజుకు 5,000 ఫ్రాంకులు

ఈ సొరంగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్న లూయీ ఫావ్ర్ జెనీవా దగ్గరి వాడు, వడ్రంగి పనితో మొదలై కాంట్రాక్టరుగా ఎదిగాడు. ఇంత పొడుగు సొరంగం తవ్విన అనుభవం అతనికి లేదు. అయినా ఎనిమిదేళ్లలో పూర్తి చేస్తానని పందెం కట్టినట్టు ఒప్పుకున్నాడు. కాగితం మీద షరతులు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. గడువుకన్నా ముందు పూర్తి చేస్తే రోజుకు 5,000 ఫ్రాంకుల బహుమానం. ఆలస్యమైతే మొదటి ఆరు నెలలూ రోజుకు 5,000 జరిమానా, ఆ తర్వాత రోజుకు 10,000. ఏడాది దాటిందా, కట్టిన 80 లక్షల ఫ్రాంకుల డిపాజిట్టు మొత్తం గల్లంతు.

ఈ ఒప్పందం చదివాక మిగతా కథంతా అర్థమవుతుంది. పనిలో తొందర ఎందుకు, గాలి గొట్టాల మీద ఖర్చు ఎందుకు పెట్టలేదు, కూలీల గోడు ఎందుకు వినలేదు అంటే, లోపల గడిచే ప్రతి రోజుకూ ఒక ధర కట్టి ఉంది. ప్రాణానికి మాత్రం ఆ కాగితంలో ధర రాయలేదు.

1879 జులై 19న ఫావ్ర్ సొరంగంలో తనిఖీకి వెళ్లి, లోపలే గుండె ఆగి చనిపోయాడు. 53 ఏళ్లు. ఏడు నెలల తర్వాత రెండు గుహలు కలిసినప్పుడు, ఆ బెజ్జంలోంచి అవతలికి మొట్టమొదట పంపింది ఒక రేకు డబ్బా. అందులో ఫావ్ర్ ఫోటో. తమ యజమాని అందరికన్నా ముందు దాటాలని పనివాళ్లు అలా చేశారు. రైళ్లు నడిచే స్థితికి సొరంగం వచ్చేసరికి గడువు మీద ఏడాది దాటిపోయింది. డిపాజిట్టు పోయింది, అతని వ్యాపారం మునిగింది.

ఆలస్యానికి ఒక కారణం తవ్వే పద్ధతి. ఫావ్ర్ ముందు పైభాగంలో చిన్న గుహ తవ్వి, దాన్ని వెడల్పు చేసి కమాను కట్టి, ఆ తర్వాత కిందికి తవ్వుకుంటూ వచ్చాడు. కింద గుహ ముందు తవ్వితే బండ్లకు నేల దారి మొదట్నుంచీ ఒకటే ఉంటుంది, నీళ్లూ వాటంతట అవే పోతాయి. పైనుంచి మొదలెడితే కిందికి తవ్విన ప్రతిసారీ పట్టాలు మార్చాలి. ఇంజనీర్లు అప్పట్లోనే దీని మీద కాగితాల్లో బాగా పోట్లాడుకున్నారు. పోట్లాటలో ఫావ్ర్‌ది పైచేయి, తవ్వకంలో కాదు.

రాయి ఉబ్బింది, నీరు దూకింది

గ్యోషెనెన్ వైపు నుంచి రెండున్నర, మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్లాక సొరంగం ఆండర్‌మాట్ అనే ఊరి కింద పోతుంది. అక్కడ గట్టి రాయి అయిపోయి మెత్తని రాయి వచ్చింది. అది నెమ్మదిగా లోపలికి ఒత్తుకొచ్చి దూలాలను విరిచేసింది, కట్టిన రాతి కమానును నలిపేసింది. మళ్లీ కట్టారు, మళ్లీ నలిగింది. ఆఖరికి దిట్టమైన రాళ్లతో మందంగా కట్టాకగానీ కొండ ఊరుకోలేదు. ఐరోలో వైపు బాధ వేరు. అక్కడ సెకనుకు 200 లీటర్లకు పైగా నీరు దూకింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి డ్రిల్లు పట్టుకునేవారు.

లెక్క తేలని ప్రాణాలు

కూలీలు చాలామటుకు ఇటలీ ఉత్తర ప్రాంతాల పేదవాళ్లు. ఏ మూడొందల మందో ఉండే గ్యోషెనెన్‌లోకి వేల మంది వచ్చిపడ్డారు. ఒకడు షిఫ్టు దిగి వచ్చి పడుకునేసరికి, ఆ మంచంలోంచి లేచినవాడు షిఫ్టుకు వెళ్తున్నాడు. పరుపు చల్లబడే సమయమే లేదు. దీపం నూనె డబ్బులు కూడా కూలిలోంచే కోసేవారు.

1875 జులైలో గ్యోషెనెన్ వైపు పనివాళ్లు పేలుడు పొగ భరించలేక బయటికొచ్చి సొరంగం నోటికి అడ్డంగా నిలబడ్డారు. గాలి కావాలి, కూలి పెంచాలి అన్నారు. మర్నాడు తుపాకులతో వచ్చిన స్థానిక బలగం కాల్చింది. నలుగురు చనిపోయారు. పని మళ్లీ మొదలైంది.

మొత్తం మీద ఎంతమంది పోయారు? అధికారికంగా చెప్పే అంకె 177. చాలా పుస్తకాలు 200 దరిదాపుల్లో అంటాయి. రాళ్లు మీదపడి, బండ్ల కింద నలిగి, డైనమైట్ పేలి పోయినవాళ్లు ఇందులో ఉన్నారు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో నింపుకుని ఇంటికెళ్లి, రెండేళ్లకో మూడేళ్లకో దగ్గుతూ పోయినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. రెండు గుహల మధ్య తేడా సెంటీమీటర్లలో రాసి పెట్టిన కంపెనీకి మనుషుల లెక్కలో మాత్రం పదులకు పదులు తేడా వచ్చింది.

విన్చెంజో వేలా టిచీనోలో పుట్టిన శిల్పి. ఎవరూ అడగకుండానే, ఎవరూ డబ్బివ్వకుండానే ఈ పనివాళ్ల మీద ఒక శిల్పం చేశాడు. చనిపోయిన తోటివాణ్ణి మోసుకుని సొరంగంలోంచి వస్తున్న కూలీలు. దాని పేరుకు మన మాటల్లో అర్థం ‘శ్రమకు బలైనవారు’. మైనంతోనో మట్టితోనో చేసిన రాజుల బొమ్మలకు వెంటనే కంచు దొరికింది. దీనికి ఐరోలోలో కంచు రూపం దొరికింది 1932లో, రైలు నడిచి యాభై ఏళ్లయిన సందర్భంగా.

మంచు దేశంలో ఉష్ణదేశపు పురుగు

ఈ సొరంగం గురించి ఇంజనీర్లే కాదు, డాక్టర్లూ చాలా చెబుతారు. 1879, 1880 ప్రాంతంలో కూలీలు పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడి, పని చేయలేక ఇళ్లకు పోవడం మొదలైంది. గాలి లేక అన్నారు కొందరు, తిండి లేక అన్నారు ఇంకొందరు. టూరిన్‌లో చనిపోయిన ఒక సొరంగం కూలీ శవాన్ని కోసి చూస్తే పేగు నిండా సన్నని పురుగులు, గోడను కరుచుకుని రక్తం పీలుస్తున్నాయి. కొంకిపురుగులు! ఎదోఆర్దో పెరొంచితో అనే ప్రొఫెసరు ఆ కూలీలను వరసగా పరీక్షించి, ఈ రక్తహీనతకు కారణం ఇదేనని 1880లో గట్టిగా చెప్పాడు.

కొంకిపురుగు వేడి దేశాల జబ్బు. దాని గుడ్లు మలంతో నేల మీద పడి, వెచ్చని తడి మట్టిలోనే పిల్లలవుతాయి. ఆల్ప్స్ మంచులో అవి బతకవు. కానీ సొరంగం లోపల 30 డిగ్రీల పైన వేడి, ఎప్పుడూ తడి, వేల మందికి మరుగుదొడ్డి లేదు, కాళ్లకు సరైన చెప్పుల్లేవు. పైన మంచు కురుస్తుంటే కింద ఒక ఉష్ణదేశాన్ని మనిషే తయారుచేశాడు. పని అయిపోయాక కూలీలు ఇంకో చోటికి, ఇంకో దేశపు గనుల్లోకి పోయారు. పురుగూ వాళ్లతోపాటే పోయింది. యూరప్ గనుల్లో తర్వాత కనబడ్డ రక్తహీనతకు ఇదొక దారి.

దీని వల్ల మేలూ జరిగింది. జబ్బు పేరు తెలిశాక మందు వెతికారు. టూరిన్‌లోనే కమిల్లో బొట్జోలో అనే డాక్టరు థైమాల్ ఇచ్చి పురుగులు పడేలా చేశాడు. థైమాల్ అంటే వాముకు ఘాటునిచ్చే పదార్థమే. కడుపులో బాగాలేదంటే వాము నమలమనే మన నాయనమ్మలు వింటే ఆశ్చర్యపోరు. పురుగు నోట్లోంచే కాకుండా పాదాల చర్మంలోంచి కూడా దూరుతుందని కైరోలో ఆర్థర్ లూస్ కనిపెట్టేసరికి 1898 వచ్చింది. ఇవాళ ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ మన బడుల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర నమలమని ఇస్తారే, ఆల్బెండజోల్, అది ఏరిపారేసే పురుగుల్లో ఇదీ ఒకటి.

డబ్బు ఎవరిది?

సొరంగం స్విట్జర్లాండ్‌ది, సాయం డబ్బులో ఎక్కువ వాటా ఇటలీది. 8 కోట్ల 50 లక్షల ఫ్రాంకుల ప్రభుత్వ సాయంలో ఇటలీ 4 కోట్ల 50 లక్షలు, జర్మనీ 2 కోట్లు, స్విట్జర్లాండ్ 2 కోట్లు. కొత్తగా ఒక్కటైన ఇటలీ, జర్మనీలకు మధ్య సరుకు దారి కావాలి. ఫ్రాన్స్ గుండానో ఆస్ట్రియా గుండానో పోవడం వాళ్లకు ఇష్టం లేదు.

ఈ డబ్బంతా కూడగట్టినవాడు ఆల్‌ఫ్రెడ్ ఎషర్. జ్యూరిక్ రాజకీయ నాయకుడు, రైల్వేలకు అప్పు పుట్టించడానికే 1856లో ఒక బ్యాంకు పెట్టినవాడు. ఆ బ్యాంకే తర్వాత క్రెడిట్ స్విస్. 1876లో ఖర్చు అంచనాను 10 కోట్లకు పైగా దాటిపోతుందని తేలాక అందరి వేళ్లూ ఎషర్ వైపు తిరిగాయి. 1878లో పదవి వదులుకున్నాడు. 1880లో గుహలు కలిసిన రోజు వేడుకకు ఆయన్ని పిలవలేదు. 1882 మేలో ప్రారంభానికి పిలిచారు. అప్పటికి మంచం పట్టి వెళ్లలేకపోయాడు. ఆ డిసెంబరులో పోయాడు. 1889లో జ్యూరిక్ స్టేషను ముందు విగ్రహం పెట్టారు. మన దగ్గరా అంతేగా, బతికుండగా కుర్చీ వేయరు గానీ పోయాక నాలుగు రోడ్ల కూడలిలో నిలబెడతారు. ఆయన పెట్టిన బ్యాంకు 2023లో కుప్పకూలి ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. విగ్రహం మాత్రం ఉంది.

ఇంకో ముచ్చట. 1873లో రుడాల్ఫ్ కొల్లర్ వేసిన ‘గోట్‌హార్డ్ తపాలా బండి’ అనే బొమ్మ స్విస్ వాళ్లందరికీ తెలుసు: ఐదు గుర్రాల బండి కొండ దిగుతూ దూసుకొస్తుంటే ముందు ఒక దూడ బెదిరి పరిగెడుతుంది. అది ఎషర్‌కు కానుకగా ఇవ్వడానికి ఒక రైల్వే కంపెనీ వేయించిన బొమ్మ. ఆ గుర్రపు బండికి పని లేకుండా చేయబోయే మనిషికే ఆ బొమ్మ ఇచ్చారు.

ఒకే గుడి మూడుసార్లు

సొరంగం సంగతి అటుంచి, దాని నోటి దాకా రైలు ఎక్కడమే ఒక తంటా. కింద ఎర్స్ట్‌ఫెల్డ్ 472 మీటర్ల ఎత్తులో ఉంది, గ్యోషెనెన్ 1,106లో. లోయ ఇరుకు, రైలు నిటారుగా ఎక్కలేదు. దాంతో కొండ లోపలే జంతిక చుట్టినట్టు దారి చుట్టారు. రైలు ఒక సొరంగంలోకి దూరి, లోపల గుండ్రంగా తిరిగి, దూరిన చోటికి సుమారు 35 మీటర్లు పైన బయటికొస్తుంది.

వాసెన్ అనే పల్లెలో తెల్లని గుడి (చర్చి) ఒకటి ఉంది. ఉత్తరం నుంచి వస్తుంటే మొదట తలెత్తి చూడాలి. ఒక మెలిక తిరిగాక ఎదురుగా ఉంటుంది. ఇంకో మెలిక తిరిగాక కిటికీలోంచి కిందికి చూడాలి. ఒకే గుడి మూడుసార్లు రావడం చూసి, రైలు దారి తప్పిందని కంగారుపడిన కొత్తవాళ్ల కథలు అక్కడ బోలెడు.

పొగ నుంచి మొసలి దాకా

దాదాపు తొలి నలభై ఏళ్లు బొగ్గు ఇంజన్లే. 15 కిలోమీటర్ల గుహలో పొగ పోయే దారి రెండు నోళ్లే. లోపల పట్టాలు సరిచేసే గ్యాంగుమన్ల సంగతి ఆలోచించండి. రైలు వెళ్లినా పొగ ఉండిపోతుంది, లోపలి తడికి పట్టాలు కూడా తొందరగా తుప్పు పడతాయి.

కరెంటును తొందరపెట్టింది మాత్రం కూలీల దగ్గు కాదు, మొదటి ప్రపంచ యుద్ధం. స్విట్జర్లాండ్‌లో చెప్పుకోదగ్గ బొగ్గు లేదు. యుద్ధంలో విదేశీ బొగ్గు అందక రైళ్లు ఆగే పరిస్థితి వచ్చింది. ఉన్నది నీళ్లు, ఎత్తు. కొండ మీది రీటమ్ సరస్సు నీటిని గొట్టాల్లో కిందికి దించి కరెంటు తీసి, 1920లో గోట్‌హార్డ్ దారిలో తీగ లాగారు. ఆ దారి కోసమే ముందూ వెనకా పొడుగాటి మూతులున్న ఇంజన్లు తయారుచేశారు. జనం వాటికి మొసలి అని పేరు పెట్టారు. సరుకు రైలు కొండ దిగేటప్పుడు ఆ ఇంజను మోటార్లు బ్రేకులా పనిచేసి, పుట్టిన కరెంటును తిరిగి తీగలోకి పంపేవి. ఇప్పుడు మెట్రో రైళ్లు గొప్పగా చెప్పుకునే విద్య అది.

1980లో రోడ్డు సొరంగం తెరిచేదాకా కార్లు కూడా ఈ రైలు సొరంగంలోంచే పోయేవి, గ్యోషెనెన్‌లో రైలు బండి మీదికెక్కి ఐరోలోలో దిగి.

సైతాను రాయి

గ్యోషెనెన్‌లో పెద్ద బండరాయి ఒకటుంది. పై లోయలో వంతెన కట్టలేక ఊరివాళ్లు సైతానును పిలిచారట. కడతాను గానీ మొదట దాటినవాడి ప్రాణం నాది అన్నాడట. వీళ్లు మేకను తోలారు. మండిపడ్డ సైతాను వంతెన కూల్చడానికి ఈ బండ ఎత్తుకొస్తూ అలిసి దించితే, ఒక ముసలావిడ దాని మీద సిలువ గీసింది. ఇక ఎత్తలేకపోయాడు. 1970లలో మోటారు రోడ్డుకు ఈ రాయి అడ్డమొచ్చింది. పేల్చేద్దామంటే జనం ఒప్పుకోలేదు. సుమారు 3 లక్షల ఫ్రాంకులు ఖర్చుపెట్టి 127 మీటర్లు పక్కకు జరిపారు. సైతాను చేయలేని పని ప్రజాధనం చేసింది.

కింద ఇంకో సొరంగం

2016లో గోట్‌హార్డ్ కిందనే, ఇంకా లోతులో 57 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచారు. ప్రపంచంలో అతి పొడవైన రైలు సొరంగం ఇదే. దీనికి మెలికల్లేవు, పెద్ద ఎక్కుడు లేదు. పైన రెండు కిలోమీటర్లకు మించి కొండ ఉన్న చోట్లు ఉన్నాయి. అక్కడ రాయి వేడి 46 డిగ్రీలు తాకింది, పనివాళ్ల కోసం లోపల చల్లగాలి యంత్రాలు పెట్టి 28 దాటకుండా చూశారు. తవ్విన రాయి 2 కోట్ల 80 లక్షల టన్నులు. దాంట్లో కొంత కాంక్రీటుకు వాడుకున్నారు, కొంత సరస్సులో పోసి చిన్న దీవులు చేశారు. వేసవిలో జనం అక్కడ ఈత కొడతారు. రెండు వైపుల వాళ్లూ కలిసిన చోట పక్కకు తేడా 8 సెంటీమీటర్లు, ఎత్తులో 1. లేజర్లూ ఉపగ్రహాలూ ఉన్న కాలంలో 8 అంటే, 1880 నాటి 33 ఏమంత తీసిపోయిందని అనిపించదూ?

ఇక్కడ తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. తొమ్మిదంటే తొమ్మిదే, సుమారు అన్న మాట లేదు. ప్రారంభం రోజు మొదటి రైళ్లలో మంత్రులకన్నా ముందు లాటరీలో పేరొచ్చిన మామూలు జనాన్ని ఎక్కించారు.

పాతది మూలన పడిందా అంటే, లేదు. 2023 ఆగస్టు 10న కొత్త సొరంగంలో ఒక సరుకు రైలు చక్రం పగిలి పట్టాలు తప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఏడు కిలోమీటర్ల మేర దారి పాడైంది. మరమ్మతుకు ఏడాది పట్టింది, 2024 సెప్టెంబరు 2న గానీ సొరంగాన్ని పూర్తిగా తెరవలేదు. ఆ రోజుల్లో చాలా ప్రయాణికుల రైళ్లను మళ్లీ పాత దారికి మళ్లించారు. ప్రయాణం గంట పెరిగింది. వాసెన్ గుడి మళ్లీ మూడుసార్లు కనబడింది. 140 ఏళ్లు దాటిన ఫావ్ర్ సొరంగం ఆ బరువు మోసింది.

జ్యూరిక్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు మిలాన్ వెళ్లాలంటే వేగం రైలు ఎక్కుతారు. అది కింది సొరంగంలోంచి ఇరవై నిమిషాల్లో దాటించేస్తుంది, కొండ కనబడదు. పాతది చూడాలంటే త్రెనో గొట్టార్దో అనే రాగి రంగు రైలు అడగాలి. గ్యోషెనెన్ మీదుగా వెళ్తుంది, పాత సొరంగం పది నిమిషాల్లోపే అయిపోతుంది. ఐరోలోలో దిగితే స్టేషను దగ్గరే వేలా శిల్పం ఉంది. రైలు గంటకొకటి, తీరిగ్గా చూసి తర్వాతిది ఎక్కొచ్చు.